పింఛనుదారుని బిడ్డ: పశ్చిమ ప్రకాశంలో మాజీ సైనికుల పిల్లల కళాశాల ఫీజుల చరిత్ర

నల్లమల తూర్పు వాలు నుంచి గుండ్లకమ్మ పారే మెట్ట దాకా పరుచుకున్న మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1972లో ఆ కొత్త జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టిన తరువాత కూడా ఈ పడమటి తాలూకాల జనానికి జిల్లా కేంద్రం దూరాభారంగానే మిగిలింది. కంభం చెరువు కింది కొద్దిపాటి మాగాణి మినహాయిస్తే సేద్యమంతా వాన మీద, బోరు మీద ఆధారపడినదే. మార్కాపురం పలకల పరిశ్రమ కొన్ని తరాలకు కూలి చూపింది గాని స్థిరమైన జీతం చూపలేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినా నీళ్ల కోసం ఎదురుచూపు ముగియలేదు. ఇటువంటి నేలలో పదో తరగతో ఇంటరో గట్టెక్కిన రైతుబిడ్డకు నెలనెలా చేతికందే జీతం తెచ్చిపెట్టే దారుల్లో పట్టాళం ఒకటి. గుంటూరు సైనిక నియామక కార్యాలయం పరిధిలోకి వచ్చే ఈ మండలాల యువకులు గుంటూరు, గుంతకల్లు రైలు మార్గంలోని మార్కాపూర్ రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో బండి ఎక్కి నియామక ర్యాలీలకు, అక్కడి నుంచి సికింద్రాబాదు, బెంగళూరు శిక్షణ కేంద్రాలకు వెళ్లడం తరతరాలుగా సాగుతున్న ఆచారం.

ఈ వృత్తికి ఇతర ప్రభుత్వ కొలువులకు లేని లక్షణం ఒకటి ఉంది. సిపాయి, నాయక్, హవల్దారు హోదాల్లో పనిచేసినవారు చాలామంది 35 నుంచి 45 ఏళ్ల మధ్యనే సర్వీసు ముగించుకుని ఊరికి వచ్చేస్తారు. పింఛనుకు కావలసిన కనీస సర్వీసు 15 ఏళ్లు కనుక పింఛను వస్తుంది, కాని అది జీతంలో సగానికి అటూఇటూ ఉంటుంది. ఆ సమయానికే పిల్లలు ఇంటర్మీడియట్‌లోనో ఇంజనీరింగ్ గుమ్మంలోనో ఉంటారు. అంటే సంసారం ఖర్చు పతాకస్థాయికి చేరే ఏడాదే సంపాదన సగానికి పడిపోతుంది. మళ్లీ బ్యాంకు కాపలా ఉద్యోగమో డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో రెండో కొలువో వెతుక్కునే మాజీ సైనికుని ముందు నిలిచే మొదటి పెద్ద బిల్లు పిల్లల కాలేజీ ఫీజే. ఆ బిల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్న చుట్టూ ఎనభై ఏళ్లుగా సాగిన రాజకీయంలో ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. ఇది ఖజానా తీర్చవలసిన బాకీయా, దాతలు చేసే సాయమా అన్నది మాత్రం తేలలేదు.

మద్రాసు సైన్యంలో తెలుగువారి స్థానం పందొమ్మిదో శతాబ్దం చివరికి బాగా కుంచించుకుపోయింది. ఉత్తర భారతంలోని కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయన్న సిద్ధాంతాన్ని బ్రిటిష్ సేనాధిపతులు తలకెక్కించుకోవడంతో మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి, 1920ల చివరికి పదాతి దళాల్లో మద్రాసు పేరే మిగల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ఆ తలుపును మళ్లీ తెరిచింది. మద్రాసు రెజిమెంటు పునరుద్ధరణ, ఇంజనీరింగ్, రవాణా, సరఫరా దళాల విస్తరణతో పంజాబు తరువాత అత్యధికంగా మనుషులను పంపిన రాష్ట్రాల్లో మద్రాసు చేరింది. దొనకొండ దగ్గర విమానాల దిగుడు మైదానం వెలసింది కూడా ఆ యుద్ధకాలంలోనే. ఆ సైనికుల భవిష్యత్తు కోసం భారత ప్రభుత్వం యుద్ధానంతర సర్వీసుల పునర్నిర్మాణ నిధి అనే ఏర్పాటు చేసింది: పోరాడే సైనికునికి నెలకు 2 రూపాయలు, వంటవాడు, చాకలి వంటి పోరాడని ఉద్యోగికి 1 రూపాయి చొప్పున లెక్కగట్టి ప్రభుత్వమే ఒక మూలధనంగా పక్కన పెట్టింది. ఈ సొమ్ము ఏ సైనికుని ఖాతాలోనూ పడలేదు; యుద్ధం ముగిశాక రాష్ట్రాలకు పంచి, మాజీ సైనికుల ఉమ్మడి మేలుకు, అందులో భాగంగా పిల్లల చదువుకు, వడ్డీ మీద ఖర్చు పెట్టవలసిన నిధిగా ఉంచారు. సైనికుడు హక్కుగా అడిగి తీసుకునే వీలు లేకుండా, కమిటీ దయతలిస్తే అందే సహాయంగా సంక్షేమాన్ని నిలబెట్టిన పద్ధతికి ఇక్కడే పునాది పడింది. ఆ సైనికులు పెద్ద ఎత్తున విడుదలై ఊళ్లకు తిరిగి వచ్చిన 1946, 1947 సంవత్సరాల్లో కొంతకాలం మద్రాసు ప్రధానిగా ఉన్నది ప్రకాశమే కావడం, తరువాత ఆయన పేరిట వెలసిన జిల్లాకు ఈ కథతో ఉన్న చిన్న బంధుత్వం.

సంస్థల నిర్మాణం అంతకు ముందే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే 1919లో ఏర్పడిన ఇండియన్ సోల్జర్స్ బోర్డు 1975లో కేంద్రీయ సైనిక బోర్డు అయింది; దాని కింద రాష్ట్ర, జిల్లా స్థాయి కార్యాలయాలు వచ్చాయి. జిల్లాలోని ఈ కార్యాలయాన్నే జనం సైనిక సంక్షేమ ఆఫీసు అంటారు. 1949లో రక్షణ మంత్రి బలదేవ్ సింగ్ ఆధ్వర్యంలోని కమిటీ నిర్ణయం మేరకు ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం పాటించడం మొదలైంది. బడి పిల్లల చొక్కాలకు చిన్న కాగితపు జెండా గుచ్చి హుండీలో చిల్లర వేయించుకునే ఆ వసూలు, సైనిక సంక్షేమానికి ప్రధాన ఆదాయ మార్గాల్లో ఒకటి. అటువంటి పలు నిధులను కలిపి 1993లో సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిగా మార్చారు. రక్షణ బడ్జెట్టు లక్షల కోట్లలో నడిచే దేశంలో, ఆ బడ్జెట్టు కింద పనిచేసి వచ్చినవాని బిడ్డ డిగ్రీ చదువుకు మూలం ఇటువంటి చందాల నిధి కావడాన్ని చాలాకాలం ఎవరూ వింతగా చూడకపోవడమే అసలు వింత.

దీనికి భిన్నమైన మాట 1971లో వెలువడింది. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన రెండు రోజులకే, డిసెంబరు 18న, యుద్ధంలో చనిపోయిన, గల్లంతైన, శాశ్వతంగా అవయవాలు కోల్పోయిన సైనికుల పిల్లల చదువు ఖర్చును ప్రభుత్వం భరిస్తుందని లోక్‌సభలో ప్రకటన చేశారు. బోధన రుసుము, వసతి, పుస్తకాలు, ఏకరూప దుస్తులు, రాకపోకలు అందులో చేరాయి. తరువాతి దశాబ్దాల్లో శ్రీలంక, సియాచిన్, కార్గిల్ వంటి కార్యకలాపాల్లో నష్టపోయినవారి కుటుంబాలకూ దాన్ని విస్తరించారు. చందా మీద కాక ఖజానా మీద నిలబడిన హామీ కావడం దీని ప్రత్యేకత. కాని ప్రాణమో కాలో చెయ్యో పోగొట్టుకున్నవారికే అది వర్తిస్తుంది. పదిహేడేళ్లు మంచులోనూ ఎడారిలోనూ పనిచేసి క్షేమంగా తిరిగి వచ్చినవాడు ఆ హామీ బయటే ఉండిపోయాడు. కంభం మండలం రావిపాడుకు చెందిన ఒక హవల్దారు 2024 డిసెంబరులో పూంఛ్ సరిహద్దులో మందుపాతర పేలి మరణించినప్పుడు మండలమంతా కదిలి అంతిమ వీడ్కోలు పలికింది. అదే మండలంలో, అటువంటి సరిహద్దుల్లోనే కాపలా కాసి బతికి వచ్చినవారి పిల్లలు మార్కుల జాబితాలో పోటీ పడి ఉపకార వేతనం తెచ్చుకోవాలి. మరణించినవారి కుటుంబానికి ఎక్కువ దక్కడంలో అన్యాయమేమీ లేదు. బతికినవారికి ఏమి దక్కాలన్న దాని మీద స్పష్టమైన విధానం లేకపోవడమే చిక్కు.

1971 నాటికి ఈ చిక్కు ఎవరికీ పెద్దగా తెలియలేదు, ఎందుకంటే అప్పుడు ప్రభుత్వ కళాశాల ఫీజు మధ్యతరగతి ఇంటికి మోయలేని బరువు కాదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు పుట్టుకొచ్చిన 1980లలో పరిస్థితి మారింది. సీటుకు కట్టించుకునే అదనపు సొమ్మును, అంటే క్యాపిటేషన్ ఫీజును, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లో చట్టం చేసి నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన వ్యాజ్యమే, సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల సీట్లను ఉచిత సీట్లుగా, చెల్లింపు సీట్లుగా విభజించింది, 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ ఏర్పాటును తొలగించి, లాభాపేక్ష లేకుండా తమ ఫీజు తాము నిర్ణయించుకునే స్వేచ్ఛ కళాశాలలకు ఇచ్చింది. ఆ తరువాత ఫీజుల నియంత్రణ కమిటీలు వచ్చినా, డిగ్రీ అన్నది నెల పింఛనుతో కట్టగలిగే ఖర్చుగా మిగల్లేదు. సైనిక సంక్షేమ వ్యవస్థ మాత్రం పాత ఫీజుల కాలం నాటి కొలతలతోనే నడుస్తూ వచ్చింది.

కేంద్రం ఇచ్చిన సమాధానం 2006లో మొదలైన ప్రధానమంత్రి ఉపకార వేతనాల పథకం. అధికారి హోదాకు దిగువన పనిచేసిన మాజీ సైనికుల పిల్లలు, వితంతువులు వృత్తి విద్యా కోర్సుల్లో చేరితే అబ్బాయికి నెలకు 2,000, అమ్మాయికి 2,250 రూపాయలు ఇచ్చేవారు. 2019 మేలో రెండోసారి ప్రమాణం చేసిన మోదీ ప్రభుత్వం తన మొదటి నిర్ణయంగా ఆ మొత్తాలను 2,500, 3,000 చేసింది. మాజీ సైనికుల కోటా కింద ఏటా దేశవ్యాప్తంగా 5,500 మందికి, అబ్బాయిలకు సగం, అమ్మాయిలకు సగం, ఈ వేతనం అందుతుంది. ఇంటర్‌లో కనీసం 60 శాతం మార్కులు ఉండాలి, ప్రాధాన్య క్రమంలో అమరుల, వికలాంగుల, శౌర్య పతక గ్రహీతల పిల్లలు ముందు వస్తారు, మామూలు పింఛనుదారుని బిడ్డ చివరి వరుసల్లో మార్కుల మీద నెగ్గాలి. దీనికి డబ్బు వచ్చేది జాతీయ రక్షణ నిధి నుంచి. 1962లో చైనా దాడి సమయంలో స్త్రీలు ఒంటిమీది బంగారం తీసి ఇచ్చిన ఆ నిధే ఇది; ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని నిర్వహిస్తుంది, బడ్జెట్టు నుంచి దానికి కేటాయింపు ఉండదు. అందువల్ల 5,500 అన్న సంఖ్య మాజీ సైనికుల పిల్లల సంఖ్యను బట్టి పుట్టినది కాదు. బడ్జెట్టు పద్దు అయితే దాన్ని పెంచమని పార్లమెంటులో కోత తీర్మానం పెట్టవచ్చు. నిధి విషయంలో అటువంటి నిలదీత సాధ్యం కాదు.

ఈ వేతనానికి దరఖాస్తు పెట్టే తీరు దగ్గరగా చూస్తే పశ్చిమ మండలాల ఇబ్బంది అర్థమవుతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, కాని దానికి జత చేయవలసిన పత్రాల్లో మూడు ముఖ్యమైనవి: తండ్రి మాజీ సైనికుడని జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం చేసి ఇచ్చేది, విద్యార్థి ఫలానా కోర్సులో మొదటి ఏడాది చదువుతున్నట్టు కళాశాల ప్రిన్సిపాల్ ఇచ్చేది, విద్యార్థి పేరిట ఖాతా ఉన్నట్టు బ్యాంకు ఇచ్చేది. మొదటి సంతకం ఒంగోలులో ఉంటుంది. గిద్దలూరు నుంచి అది 100 కిలోమీటర్లకు చాలా పైబడిన బస్సు ప్రయాణం. డిశ్చార్జి పుస్తకంలోని బిడ్డ పేరుకూ పదో తరగతి ధ్రువపత్రంలోని పేరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా రికార్డు ఆఫీసుతో ఉత్తరాలు నడపాలి. ఇంటి పేరు మొదట రాసే తెలుగు అలవాటుకూ చివర రాసే సైనిక రికార్డుల అలవాటుకూ పొంతన లేకపోవడం వల్ల ఈ తేడాలు సులువుగా పుడతాయి. 2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లాకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపినప్పుడు పడమటి ప్రాంతం దశాబ్దాల దూరాభారం గురించి చాలా చర్చ జరిగింది. సైనిక కుటుంబాల విషయంలో ఆ దూరం అర్థం ఒక సంతకం.

ఖజానా హామీ కూడా రాయి మీద చెక్కినది కాదని 2017లో తేలింది. ఏడో వేతన సంఘం సిఫార్సుల అమలులో భాగంగా, 1971 నాటి రాయితీలో బోధన రుసుము, వసతి ఖర్చు రెండూ కలిపి నెలకు 10,000 రూపాయలు మించరాదని రక్షణ శాఖ పరిమితి పెట్టింది. దానివల్ల ఖజానాకు మిగిలేది ఏటా కొద్ది కోట్లు. నౌకాదళాధిపతి సునీల్ లాంబా, త్రివిధ దళాధిపతుల కమిటీ అధ్యక్షుని హోదాలో, పరిమితిని ఎత్తివేయమని రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాశారు. ప్రతిపక్షాలు, మాజీ సైనిక సంఘాలు దాన్ని అందుకున్నాయి. 2018 మార్చిలో కేంద్రం పరిమితిని తీసివేసింది, కాకపోతే ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో చదివేవారికే అని షరతు ఉంచింది. అమరుల పిల్లల విషయం కనుక ఆరు నెలల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బతికి ఉన్న హవల్దారుల పిల్లలకు ఉద్దేశించిన మరో సహాయం, రక్షణ మంత్రి పేరిట ఇచ్చే చదువు గ్రాంటు, ఏళ్ల తరబడి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఆగిపోయినా అటువంటి అలజడి పుట్టలేదు. హవల్దారు, అంతకు దిగువ హోదాల వారి ఇద్దరు పిల్లలకు డిగ్రీ దాకా ఇచ్చే ఆ గ్రాంటును 2025 అక్టోబరులో 2,000 చేశారు. ఇల్లు గడవని మాజీ సైనికులకు, పిల్లల పెళ్లిళ్లకు ఇచ్చే గ్రాంట్లను కూడా అప్పుడే రెట్టింపు చేశారు, మొత్తం మీద ఏటా సుమారు 257 కోట్ల అదనపు భారం పతాక దినోత్సవ నిధే మోస్తుందని ప్రకటించారు. మళ్లీ చందా నిధే.

అమెరికాలో ఇదే ప్రశ్న మరో దారిలో నడిచింది కాబట్టి దాన్ని ఒకసారి చూడడం ఉపయోగం. అక్కడ 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన, జి.ఐ. బిల్లుగా పేరుపడిన చట్టం కళాశాల చదువును సైనికునికే ఇచ్చింది, అతని పిల్లలకు కాదు. ఏడాదికి 500 డాలర్ల దాకా బోధన రుసుమును ప్రభుత్వం నేరుగా కళాశాలకు కట్టింది. అదీ అవలీలగా రాలేదు. మిసిసిపీ సభ్యుడు జాన్ రాంకిన్ ఉభయ సభల సంయుక్త కమిటీలో అడ్డం తిరగగా, జార్జియాలో ఉన్న జాన్ గిబ్సన్ అనే సభ్యుణ్ణి రాత్రికి రాత్రి విమానంలో రప్పించి ఓటు వేయిస్తేనే బిల్లు బయటపడింది. 1984లో తెచ్చిన సవరణ సైనికుని మొదటి ఏడాది జీతం నుంచి నెలకు 100 డాలర్ల చొప్పున 1,200 డాలర్లు కోసుకున్నాకే చదువు హక్కు ఇచ్చింది. 2008లో సెనేటర్ జిమ్ వెబ్ ఉదారమైన కొత్త చట్టం ప్రతిపాదించినప్పుడు, ఇంత లాభం చూపితే సైనికులు సైన్యం వదిలి కాలేజీకి పోతారని జాన్ మెక్‌కెయిన్ అభ్యంతరం చెప్పారు. ఖర్చుకు పెద్ద ఆదాయాల మీద అదనపు పన్ను వేయాలని ప్రతినిధుల సభ అన్నది, సెనేటు ఆ పన్నును కొట్టేసి చట్టాన్ని మాత్రం నిలిపింది. 2017లో మళ్లీ జీతం కోత ప్రతిపాదన రాగా, యుద్ధ వీరుల పాత సంఘమైన వి.ఎఫ్.డబ్ల్యు. తీవ్రంగా ఎదిరించింది. తగాదాలు అక్కడా తక్కువ కాదు. కాని అవన్నీ ఎంత, ఎవరి పన్నుతో అన్న తగాదాలు, చట్టసభ నేల మీద జరిగినవి. భారతదేశంలో చదువు సైనికుని బిడ్డకు, డబ్బు నిధి నుంచి, నిర్ణయం కమిటీది కావడంతో, తగాదా పడవలసిన వేదికే కనబడదు.

వేదిక దొరికింది రాష్ట్రంలో, అదీ సైనికుల పేరు ఎత్తకుండానే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే పేద విద్యార్థి కట్టవలసిన బోధన రుసుమును ప్రభుత్వమే కళాశాలకు తిరిగి చెల్లించే ఏర్పాటు, ఆంధ్ర రాజకీయాలకు కొత్త కేంద్ర బిందువు అయింది. కళాశాలలకు బకాయిలు పేరుకుపోవడం, విద్యార్థుల ధ్రువపత్రాలు నిలిపివేయడం, ప్రతిపక్షాలు రోడ్డెక్కడం ఏటేటా జరిగే తంతుగా మారింది. 2011 ఫిబ్రవరిలో హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గర వై.ఎస్. జగన్ ఫీజు పోరు పేరిట దీక్ష చేశారు. ఇంజనీరింగ్‌కు ప్రభుత్వం కట్టే గరిష్ఠ మొత్తం 35,000 రూపాయల దగ్గర చాలాకాలం నిలిచిపోయింది. 2019లో అధికారంలోకి వచ్చిన జగన్ ప్రభుత్వం దాన్ని పూర్తి ఫీజుకు పెంచి, జగనన్న విద్యా దీవెన అని పేరు మార్చి, 2021 నుంచి డబ్బును తల్లుల ఖాతాల్లో వేసింది. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం తిరిగి కళాశాలల ఖాతాలకే పంపే పద్ధతికి మళ్లింది. పాత బకాయి ఎవరిది, కొత్త బకాయి ఎవరిది అన్న వాదం నడుస్తుండగానే 2025 మార్చి 12న వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ యువత పోరు పేరుతో కలెక్టరేట్ల ముందు ధర్నాలు చేసింది.

ఈ గొడవలో మాజీ సైనికుల ఇళ్లను నేరుగా తాకిన ఒక వాక్యం 2019 నవంబరు చివర వెలువడిన అర్హత నియమాల్లో ఉంది. కుటుంబ వార్షిక ఆదాయం రెండున్నర లక్షలు మించరాదు, మాగాణి పదెకరాలు, మెట్ట ఇరవై అయిదెకరాలు దాటరాదు, సొంత కారు ఉండరాదు, ఆదాయపు పన్ను కట్టి ఉండరాదు అన్న షరతులతో పాటు, కుటుంబంలో ఎవరూ ప్రభుత్వ ఉద్యోగి గాని ప్రభుత్వ పింఛనుదారు గాని కారాదని అది చెప్పింది. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చింది. సైనిక పింఛనుదారులకు మినహాయింపు లేదు. దీని ఫలితం విచిత్రం. ఇరవై ఎకరాల మెట్ట ఉన్న రైతు బిడ్డకు ఆదాయ ధ్రువపత్రం సరిపోతే ఫీజు వస్తుంది. అదే ఊళ్లో రెండెకరాలూ సిపాయి పింఛనూ ఉన్నవాని బిడ్డకు, ఆ పింఛను ఆదాయ పరిమితిలోపే ఉన్నా, రాదు. అరవై ఏళ్లకు దిగిపోయిన గుమాస్తానూ, పిల్లలు ఎదగకముందే నలభై లోపు దిగిపోయిన జవానునూ ఆ వాక్యం ఒకే గాటన కట్టింది. నియమం రాసినవారికి సైనికుల మీద శత్రుత్వం ఉందనుకోనక్కరలేదు. పింఛను అన్న మాట వినగానే స్థిరపడిన వృద్ధ దంపతులే మనసులో మెదిలి ఉంటారు. కాని గిద్దలూరు వైపు ఊళ్లలో పింఛనుదారు అంటే పిల్లలను బడికి దింపి వచ్చే వయసు మనిషి.

దీనికి జవాబుగా కేంద్ర పథకం ఉంది కదా అన్న వాదన అధికార వర్గాల్లో వినిపిస్తుంది. లెక్క వేస్తే అమ్మాయికి ఏడాదికి 36,000, అబ్బాయికి 30,000. పాత రాష్ట్ర పరిమితి 35,000కు అది అటూఇటూ సరిపోయేది. తేడా అంతా సంఖ్యలో ఉంది: రాష్ట్ర పథకం అర్హులందరిదీ, కేంద్ర పథకం దేశం మొత్తంలో 5,500 మందిది. రక్షణ కేంద్ర జాబితాలోని అంశం, విద్య 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ నుంచి ఉమ్మడి జాబితాలోని అంశం, మాజీ సైనికుల సంక్షేమం రెండు ప్రభుత్వాలూ పంచుకునే బాధ్యత; ఇన్ని గట్లు ఉన్న చేలో ఏ కాలువ నీరూ ఆ మూలకు పారకపోవడంలో ఆశ్చర్యం లేదు. కేంద్రంలో మాజీ సైనికుల సంక్షేమానికి 2004లో విడిగా ఒక విభాగం ఏర్పడినా రాష్ట్రాల అర్హత నియమాల మీద దానికి అధికారం లేదు.

స్థానికత నిబంధన మరో ముడి. 371-డి అధికరణ కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్లు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవారే సాధారణంగా స్థానికులు. తండ్రి బదిలీల వెంట జలంధర్‌లోనో జోర్హాట్‌లోనో కేంద్రీయ విద్యాలయంలో చదివిన పిల్ల సొంత ఊరికి వచ్చేసరికి స్థానికేతరురాలు అవుతుంది. సైనికుల పిల్లలకు ఇంజనీరింగ్ ప్రవేశాల్లో 2 శాతం సీట్లు కేటాయించే ప్రత్యేక కోటా సీటు సమస్యకు కొంత ఊరట ఇస్తుంది, ఫీజు సమస్యను ముట్టుకోదు. అందుకే చాలామంది జవాన్లు కుటుంబాన్ని వెంట తీసుకుపోకుండా మార్కాపురంలోనో కంభంలోనో అద్దె ఇంట్లో ఉంచి పిల్లలను అక్కడే చదివిస్తారు. స్థానికత నిలవడం దానికున్న కారణాల్లో ఒకటి, దాని కోసం తండ్రి లేని ఇంట్లో పిల్లల బాల్యం గడిచిపోతుంది.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ లెక్కలన్నిటినీ తిరగేసింది. నాలుగేళ్లకు చేర్చుకుని, నూటికి పాతికమందిని ఉంచుకుని, మిగిలినవారిని పింఛను లేకుండా పంపే ఈ పద్ధతి మీద మూడు రోజుల్లోనే సికింద్రాబాదు రైల్వే స్టేషన్‌లో నిరసన హింసగా మారి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. శరీర దారుఢ్య పరీక్షలు దాటి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తూ ఉండగా పాత నియామకాలే రద్దు కావడం ఆ ఆగ్రహానికి దగ్గరి కారణం, సైనిక శిక్షణ అకాడమీల్లో ఫీజులు కట్టి ఏళ్లు గడిపిన పడమటి ప్రకాశం కుర్రవాళ్లకూ తగిలిన దెబ్బ అది. 2024 జూలై 1న లోక్‌సభలో రాహుల్ గాంధీ, రాజ్‌నాథ్ సింగ్ మధ్య అగ్నివీరుల పరిహారం మీద జరిగిన వాగ్వాదం దేశమంతా విన్నది. ఆ వాగ్వాదంలో చదువు ప్రస్తావన దాదాపు రాలేదు, నిజానికి పథకం గుండె అక్కడే ఉంది. నాలుగేళ్ల తరువాత బయటికి వచ్చే మనిషికి 21 నుంచి 25 ఏళ్లుంటాయి. కాలేజీకి పోవలసింది ఇప్పుడు అతని బిడ్డ కాదు, అతనే. శిక్షణ, సర్వీసులకు సగం క్రెడిట్లు లెక్కగట్టే డిగ్రీని ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఇస్తామని కేంద్రం చెప్పింది. మిగతా చదువు ఏదైనా సేవా నిధి అనే 11.71 లక్షల రూపాయల మొత్తం నుంచి అతనే కట్టుకోవాలి. ఆ మొత్తంలో దాదాపు సగం అతని జీతంలోంచి నెలనెలా 30 శాతం కోసినదే: మొదటి ఏడాది 30,000లో 9,000, నాలుగో ఏడాది 40,000లో 12,000. అమెరికాలో 1,200 డాలర్ల కోతకు యుద్ధ వీరుల సంఘాలు దశాబ్దాలు గొణిగాయి.

2022 చివర శిక్షణకు చేరిన మొదటి అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివరికల్లా పూర్తవుతాయి. బయటికి వచ్చినవారు నిబంధనల ప్రకారం మాజీ సైనికులు కారు, అందువల్ల వారి పిల్లలు ప్రధానమంత్రి ఉపకార వేతనానికి గాని హవల్దారు పిల్లల గ్రాంటుకు గాని అర్హులు కారు. పింఛనుదారులూ కారు కనుక, 2019 నాటి వాక్యం అలాగే కొనసాగితే, హవల్దారు బిడ్డకు రాని రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అగ్నివీరునికి గాని, రేపు అతని బిడ్డకు గాని ఆ వాక్యం అడ్డు రాదు.